అరవకుండా పని చేయించడం ఎలా: విజయవాడ, గుంటూరుల్లో షాపులు, షెడ్లు, ఆఫీసులు నడిపేవాళ్ళకు

"మా దగ్గర పనిచేసేవాళ్ళంతా ఇంట్లో మనుషులతో సమానం" అనే మాట వన్ టౌన్ బట్టల కొట్లలో, పట్నం బజారు దుకాణాల్లో తరచూ వినపడుతుంది. అది ఉత్తుత్తి మాటేమీ కాదు. కూతురి పెళ్ళికి అడ్వాన్సు ఇప్పించేదీ, ఆస్పత్రి బిల్లుకి అడ్డం పడేదీ, 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు "ముందు ఇల్లు చూసుకో, పని తర్వాత" అనిపించేదీ ఆ భావనే. అయితే పది మంది ముందు "ఒరేయ్, బుద్ధుందా నీకు?" అనిపించేదీ అదే. ఎందుకన్నారని అడిగితే "సొంత మనిషి అనుకుని తిట్టాను" అంటారు.

ఇరవై ఏళ్ళ కిందట ఆ తిట్టు తిన్నవాళ్ళు తలొంచుకుని పనిలో పడేవాళ్ళు. ఇవాళ్టి పిల్లలు మర్నాటి నుంచి రావడం మానేస్తారు, ఫోనెత్తరు. వాళ్ళకి ఓపిక తగ్గిందని కొట్టిపారేయకండి, నలుగురిలో మర్యాద పోతే నొప్పి ఎప్పుడూ ఒక్కటే, ఇప్పుడు దాన్ని భరించాల్సిన అవసరం తగ్గిందంతే. ఆదుకునే గుణం పోకుండా, తిట్టే హక్కు మాత్రం వదులుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. పది నుంచి యాభై, అరవై మంది పనిచేసే చోట్లకు ఇది సరిపోతుంది.

ముందు వారం రోజులు వినండి

ఏదీ మార్చకండి, ఎవరికీ చెప్పకండి. చిన్న నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసుకోండి: ఎవరు, ఎవరిని, ఏమని పిలిచారు, ఎవరి ముందు. రోజంతా కూర్చోనక్కర్లేదు. షాపు తెరిచిన మొదటి గంట, సాయంత్రం టీ వేళ, రాత్రి లెక్క చూసే అరగంట చాలు. మాట జారేది ఎక్కువగా ఈ మూడు వేళల్లోనే. మీరన్న మాటలు కూడా రాయండి. చాలామంది ఇక్కడే తమకు మినహాయింపు ఇచ్చుకుంటారు, దాంతో పుస్తకం పనికిరాకుండా పోతుంది.

వారం తిరిగేసరికి ఒక క్రమం కనపడుతుంది. ముప్పై ఏళ్ళ అకౌంటెంటు "గారు", యాభై అయిదేళ్ళ ఊడ్చే ఆవిడ "ఏయ్".

టీ గ్లాసులు కూడా చూడండి. ఫ్లాస్కు వస్తుంది, గాజు గ్లాసుల్లో అందరికీ పోస్తారు. ఊడ్చే ఆవిడకి మాత్రం కాగితం కప్పు. లేదంటే బాత్రూము పక్కన కిటికీలో బోర్లించి ఉన్న ఆవిడ స్టీలు గ్లాసు. అడిగితే "ఆవిడే విడిగా పెట్టుకుంది" అంటారు. ఏదో ఒక రోజు ఎవరో మొహం చిట్లించి ఉంటారు, అప్పట్నుంచి విడిగా పెట్టుకుంది. దీన్ని ఉపన్యాసంతో సరిచేయబోకండి, ఆవిడని అందరి ముందూ నిలబెట్టి "ఇవాళ్టి నుంచి నువ్వూ వీటిలోనే తాగు" అనకండి. అది ఇంకో అవమానం. ఒకే రకం గ్లాసులు రెండు డజన్లు కొనండి, పాతవన్నీ ఒకేసారి తీసేయండి. అన్నీ ఒకే తొట్టిలో కడిగించండి. మొదటి రోజు ట్రే మీరే పట్టుకుని వెళ్ళి అందరితో పాటు ఆవిడకీ ఇవ్వండి. వేరే గ్లాసు పెట్టడం అంటరానితనం కిందకే వస్తుంది. 1955 నుంచి దానికి శిక్ష ఉంది. కులం పేరు పెట్టి నలుగురిలో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది.

ఇంటర్వ్యూల్లో "మీ ఇంటిపేరేంటి, మీరేమిటోళ్ళు?" అన్న ప్రశ్న కూడా ఈ వారంలోనే ఆపేయండి. పరిచయం కోసమే అడుగుతున్నామని మీరనుకోవచ్చు. వినేవాళ్ళకి మాత్రం ఉద్యోగం వచ్చేదీ రానిదీ ఆ జవాబులోనే ఉందనిపిస్తుంది.

పిలుపు

అందరినీ "సర్", "మేడమ్" అనిపించనక్కర్లేదు. అన్నా, అక్కా, బాబాయ్, అమ్మా అన్న పిలుపులు మనవే, హాయిగా వాడుకోవచ్చు. కొలత ఒకటే: ఆ మాట అటునుంచి ఇటు కూడా అనడానికి వీలుండాలి. మేస్త్రి "నువ్వు" అంటే కుర్రాడూ "నువ్వన్నావు కదన్నా" అనగలిగితే ఇబ్బంది లేదు. ఒకవైపు నుంచి "నువ్వు", రెండోవైపు నుంచి "మీరు" అయితే, వయసులో ఆ తేడాకి తగ్గ దూరం లేనప్పుడు, పెద్ద హోదాలో ఉన్నవాళ్ళే "మీరు"కి మారాలి. నలభై దాటిన ఎవరినైనా, చేసే పని ఏదైనా, పేరు చివర "గారు" పెట్టడం అలవాటు చేయండి.

ఒంటిని బట్టి పెట్టిన పేర్లు మాత్రం పూర్తిగా పోవాలి. కుంటోడు, నత్తోడు, గుడ్డోడు, నల్లోడు, బండది. "వాడే నవ్వుతాడండీ, ఏమనుకోడు" అంటారు. నవ్వడం తప్ప వేరే దారి లేక నవ్వుతాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వికలాంగుల్ని నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు శిక్ష పడొచ్చు. "లావయ్యావేంటి", "పెళ్ళెప్పుడు", "ఇంకా విశేషమేం లేదా" అనేవి చట్టం దాకా రాకపోవచ్చు. అయినా ఆ మూడో ప్రశ్నకి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చే ఆడవాళ్ళు ఎంతమందో అడిగేవాళ్ళకి తెలియదు.

కొన్ని చోట్ల తిట్టుకి పది రూపాయలని డబ్బా పెడతారు. వద్దు. రెండు రోజులు ఆటలా సాగుతుంది, మూడో రోజు "ఇదిగో ఇరవై" అని ముందే డబ్బాలో వేసి రెండు తిట్లు తిడతారు. ఓనరు నోరు మారితే ఫ్లోర్ మేనేజరు నోరు మారుతుంది, ఆ తర్వాతే మిగతావాళ్ళది. దానికి నెల పడుతుంది, తొందరపడకండి.

తప్పుని తప్పని చెప్పడం

నొప్పించకూడదు కాబట్టి ఏమీ అనకూడదని కొందరు అనుకుంటారు. అది ఇంకా చెడ్డది. ఏమీ అనకుండా లోపల పెట్టుకుని దీపావళి బోనస్ తగ్గిస్తే, ఆ మనిషికి తన తప్పేమిటో ఎప్పటికీ తెలియదు. చెప్పాలి. చెప్పే పద్ధతి ఇది.

అదే రోజు చెప్పండి, కోపం వచ్చాక కనీసం అరగంట ఆగి. రాత్రి షట్టరు దించేటప్పుడు వద్దు. ఆఖరి బస్సు పట్టుకోవాల్సిన అమ్మాయి ఆ మాటని ఇంటికి మోసుకెళుతుంది, రాత్రంతా నిద్ర పట్టదు. జీతాల రోజున అసలే వద్దు. గల్లా పెట్టె దగ్గరా, మెట్ల మీదా కాకుండా లోపలి గదిలో, ఇద్దరూ కూర్చుని మాట్లాడండి. ఆడవాళ్ళతో అయితే తలుపు తెరిచి ఉంచండి, బయటివాళ్ళకి మనుషులు కనపడాలి, మాట వినపడకూడదు. పది నిమిషాలు మించనివ్వకండి.

నాలుగు ముక్కలు చాలు. ఏం జరిగింది, దానివల్ల ఏమైంది, ఎందుకలా అయింది, ఇకమీదట ఏం చేద్దాం. మూడో ముక్క అడగాలి, మీరు చెప్పకూడదు. 4,800 రూపాయల చీరకి 3,800 బిల్లు పడిందనుకోండి. "లక్ష్మిగారూ, పొద్దున ఒక చీరకి వెయ్యి తక్కువ బిల్లు పడింది. రాత్రి లెక్కలో ఆ వెయ్యి తేలదు. ఎలా జరిగిందంటారు?" అని ఆగండి. నిజంగా ఆగండి, పది సెకన్లు మౌనంగా ఉన్నా ఫర్వాలేదు. స్టిక్కరు మీద అంకె చెరిగిపోయిందనో, ఒకేసారి ముగ్గురు కస్టమర్లు మీద పడ్డారనో అప్పుడు బయటికొస్తుంది. తప్పు మనిషిదా, స్టిక్కరుదా తెలిసేది అక్కడే.

ఈ మాటలు రానివ్వకండి: "ఎప్పుడూ ఇంతే నువ్వు." "పక్క కౌంటరు పిల్లని చూసి నేర్చుకో." "మీ అమ్మానాన్న నేర్పింది ఇదేనా?" "నీ మంచి కోసమే చెబుతున్నా." ఆఖరిది మంచిగా వినపడినా, దాని వెనక ఎప్పుడూ ఒక దెబ్బ ఉంటుందని అందరికీ అలవాటైపోయింది.

చీర మీద మరక పడిందని జీతంలోంచి ఇష్టం వచ్చినంత కోయడం కుదరదు. జరిమానా ఏదైనా ఆ నెల జీతంలో నూటికి 3 మించకూడదు. నష్టానికి కోత పెట్టాలన్నా, ముందు ఆ మనిషి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, జరిగిన నష్టం కంటే ఎక్కువ కోయకూడదు.

కస్టమరే అరుస్తున్నప్పుడు చాలామంది ఓనర్లు బేరం పోతుందని తామూ కలిసి అరుస్తారు. దానికి బదులు ఇద్దరి మధ్యలోకి వెళ్ళి నిలబడండి. "అమ్మా, నేను చూస్తాను, నాతో చెప్పండి" అని కస్టమరు మొహం మీ వైపు తిప్పుకోండి, పనిచేసే మనిషిని "స్టాకు చూసి రా తల్లీ" అని లోపలికి పంపండి. తప్పు ఎవరిదైనా ఆ నిమిషంలో తేల్చొద్దు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి మంచినీళ్ళిచ్చి, "ఆవిడ అలా అనకూడదు" అని ఒక్క మాట అనండి. సంవత్సరం బోనస్ కంటే ఆ ఒక్క మాటే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

"మేం తిట్లు తినే నేర్చుకున్నాం" అనే మేస్త్రితో

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. ఆటోనగర్ షెడ్డులో పాతికేళ్ళు పనిచేసిన మేస్త్రికి స్పానరు విసిరి నేర్పడం తప్ప వేరే పద్ధతి ఎవరూ చూపించలేదు. ఆయన చెడ్డవాడు కాడు. కుర్రాడికి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళేది కూడా ఆయనే.

ఆయనకి మర్యాద గురించి చెబితే ఎక్కదు, బండి గురించి చెబితే ఎక్కుతుంది. ఆయిలు మార్చాక, ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే సంపుకి ఉండే డ్రెయిన్ బోల్టుని హెల్పరు అతిగా బిగిస్తాడు, మర పోతుంది. చెబితే నలుగురిలో తిడతారని టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి తిప్పి, చెయ్యి తుడుచుకుంటాడు. షెడ్డులో ఒక్క చుక్క కారదు. హైవే ఎక్కాక వేడికి, అదురుకి బోల్టు వదులవుతుంది, చిలకలూరిపేట దాటేసరికి ఆయిలు మొత్తం పోయి ఇంజన్ పట్టేస్తుంది. మర పోయిన నిమిషంలోనే చెప్పి ఉంటే కొత్త మర కోసి, పెద్ద సైజు బోల్టుతో గంటలో అయిపోయేది. తిట్టు వల్ల కుర్రాడు బోల్టు బిగించడం నేర్చుకోలేదు, దాచడం నేర్చుకున్నాడు.

ఈ సంగతి మేస్త్రితో ఒక్కరితోనే, హెల్పర్లు లేనప్పుడు మాట్లాడండి. ఆయన మర్యాదా మర్యాదే. "బాబాయ్, నీ చేతి పని ఈ కుర్రాళ్ళకి రావాలి. వాళ్ళు నీకు భయపడి తప్పు దాచేస్తున్నారు, పేరు పోతున్నది నీది" అని మొదలుపెట్టండి. రెండు వారాలకి ఒక్కటే అడగండి: తప్పు తానే వచ్చి చెప్పినవాడిని ఆ రోజు తిట్టకూడదు. మిగతాదంతా ఇప్పటికి ఆయనిష్టం. ఈ ఒక్కటీ నిలబడితే తక్కినవి వాటంతటవే మెత్తబడతాయి.

అరవాల్సిన చోటు ఒకటుంది. జాకీ జారుతున్నప్పుడు, గ్రైండరు దగ్గర చెయ్యి తగలబోతున్నప్పుడు గొంతు చించుకుని "ఆగు!" అనాల్సిందే. రోజంతా అరిచే చోట ఆ కేకకి ఎవరూ తలెత్తరు. అరుపుని ప్రమాదానికి దాచి ఉంచమని చెబితే మేస్త్రులు చప్పున ఒప్పుకుంటారు.

నిలబడే కాళ్ళు, మండే చేతులు

సానుభూతి మాటల్లో ఎంత ఉన్నా, పది గంటలు నిలబెట్టి కూర్చోనివ్వకపోతే అందులో ఏమీ లేనట్టే. కూర్చునే హక్కుని కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టాల్లో చేర్చాయి. అటువంటిది ఎవరో చెప్పేదాకా మీరు ఆగనక్కర్లేదు. ఇద్దరికి ఒక స్టూలు లెక్కన కౌంటరు వెనక పెట్టండి. ఎత్తు కౌంటరుకి సరిపోవాలి, పొట్టి స్టూలు మీద కూర్చుంటే కస్టమరుకి మనిషి కనపడక, మేనేజరు లేపేస్తాడు. కస్టమరు లేనప్పుడు కూర్చోవచ్చని మీరే నోటితో చెప్పండి. చెప్పకపోతే స్టూళ్ళ మీద చీరల కట్టలు చేరతాయి.

ఆడవాళ్ళ మరుగుదొడ్డి పనిచేసే అంతస్తులోనే ఉండాలి, లేకపోతే ఒక అంతస్తు తేడాలో. తాళం చెవి మేనేజరు దగ్గర ఉంచితే, అడగలేక నీళ్ళు తాగడం మానేస్తారు. శ్రావణమాసం రద్దీలో ఒంట్లో బాగోలేదని కూలబడేవాళ్ళలో కొందరి సంగతి ఇదే. లోపల మూత ఉన్న డబ్బా, ఒక ప్యాకెట్ ప్యాడ్లు, కొక్కెం, గడియ. ఈ నాలుగూ ఉన్నాయో లేదో ఆడమనిషి చేత చూపించండి. నెలసరి రోజుల్లో ఎవరైనా కూర్చునే పని అడిగితే కారణం అడక్కుండా మార్చండి.

గుంటూరులో మిర్చి సీజన్లో తొడిమలు తీసే ఆడవాళ్ళ సంగతి వేరు. సాయంత్రానికి చేతులు నిప్పులా మండుతాయి, ఇంట్లో పాలు తాగే బిడ్డని ఎత్తుకోవాలన్నా భయం. మిరప మంట నీళ్ళకి పోదు, నూనెలో కరుగుతుంది. పని దిగే ముందు పదిహేను నిమిషాలు వదిలి, ముందు కొబ్బరి నూనె చేతులకి పట్టించి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగనివ్వండి. ఆ పదిహేను నిమిషాలు కూలీలోనే లెక్కగట్టండి. గ్లౌజులు ఇస్తే మంచిదే, చిరిగినవి మాత్రం తీసేయండి, లోపలికి పొడి దిగితే ఇంకా మండుతుంది. మే నెలలో గేటు దగ్గర సెక్యూరిటీ మనిషికి గొడుగు కాదు, నీడ కావాలి. కుర్చీని రేకు కిందకి మార్చండి, కుండ నీళ్ళు చేతికందే దూరంలో పెట్టండి.

సెలవు, చావు, చెప్పుకోలేని నష్టం

ఎవరింట్లోనైనా చావు జరిగితే ఒకరే ఫోన్ చేయాలి, అది ఓనరో మేనేజరో అయి ఉండాలి. "ఇప్పుడే తెలిసింది. పని గురించి ఏమీ ఆలోచించొద్దు. మూడు రోజుల తర్వాత నేనే ఫోన్ చేస్తాను" అని పెట్టేయండి. ఎలా పోయారు, వయసెంత, ఏ ఆస్పత్రి అని అడక్కండి, అప్పటికే వంద మంది అడిగి ఉంటారు. మొదటి మూడు రోజులు అడక్కుండానే జీతంతో సెలవని ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. దానికి పై ఇంకో రెండు రోజులు, ఎవరి ఆచారాన్ని బట్టి వాళ్ళకి: పెద్దకర్మకి, ఆదరణ కూడికకి, నలభయ్యో రోజుకి. రాసి పెట్టుకోకపోతే దగ్గరివాళ్ళకి పది రోజులు, కొత్తవాళ్ళకి ఒక రోజు ఇస్తారు, అది అందరికీ కనపడుతుంది. తిరిగొచ్చిన రోజు డబ్బు లెక్క అప్పగించకండి. దుఃఖంలో అంకెలు తప్పుతాయి, ఆ తప్పు మళ్ళీ ఆ మనిషి మీదే పడుతుంది.

గర్భం పోయిన ఆడవాళ్ళకి ఆరు వారాల జీతంతో కూడిన సెలవు చట్టంలో ఉందని చాలా కొట్లలో తెలియదు. అర్హత ఉన్నవాళ్ళు కూడా "జ్వరం" అని చెప్పి నాలుగు రోజుల్లో వచ్చేస్తారు. ప్రసూతి సెలవు 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు. ఉద్యోగంలో చేరే రోజునే ఈ రెండూ కాగితం మీద ఇచ్చేయండి, అవసరం పడ్డప్పుడు నోరు విప్పి అడగాల్సిన పని ఉండదు.

వాట్సాప్ గ్రూపు

వేళలు, సెలవులు, స్టాకు. గ్రూపు అంతవరకే. ఆలస్యంగా వచ్చినవాళ్ళ పేర్లు, తప్పు బిల్లు ఫొటో అందులో పెడితే ముప్పై మంది ముందు నిలబెట్టి తిట్టినట్టే, పైగా అది చెరిగిపోదు. రాత్రి ఎనిమిది తర్వాత అత్యవసరమైతే ఫోన్ చేయండి, లేదంటే పొద్దున చెప్పండి.

ఆడవాళ్ళు ఫిర్యాదు తెస్తే

పది మంది లేక అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. పెద్ద హోదాలో ఉన్న మహిళ దాన్ని నడపాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలై ఉండాలి, ఒకరు బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి రావాలి. వేయకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. పది కంటే తక్కువ మంది ఉన్న చోట జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళొచ్చు. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదివ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగిస్తుంది. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు, "ఇద్దరూ మనవాళ్ళే, కూర్చుని మాట్లాడుకుందాం" అని ఓనరే పంచాయితీ పెట్టడం. రాజీ ప్రయత్నం ఆవిడ అడిగితేనే, కమిటీయే చేయాలి. డబ్బిచ్చి తేల్చడానికి చట్టం ఒప్పుకోదు. ఆవిడ వచ్చి చెప్పినప్పుడు మీరు అనాల్సింది ఇంతే: "చెప్పి మంచి పని చేశావమ్మా. నువ్వెలా చెబితే అలా రాసుకుంటాను. ఇది కమిటీకి తప్ప ఎవరికీ చెప్పను." ఆ తర్వాత ఆవిడ షిఫ్టు మార్చకండి. ఎవరినైనా మార్చాల్సొస్తే రెండో మనిషిని మార్చండి. ఆవిడే అడిగితే మాత్రం మార్చండి.

అతి చేయకండి

కొత్తగా మారినవాళ్ళు రోజూ అందరి ముందూ "ఏంటి డల్‌గా ఉన్నావ్, ఇంట్లో ఏమన్నా గొడవా?" అని అడగడం మొదలుపెడతారు. అది ఆరా తీయడం. దానికి బదులు పక్కకి పిలిచి "ఏదన్నా కావాలంటే చెప్పు, లేకపోయినా ఫర్వాలేదు" అని వదిలేయండి. చెప్పింది విన్నాక మీ కష్టం చెప్పకండి, సలహా అడిగితేనే ఇవ్వండి, ఆ మాట మీ ఇంట్లో కూడా ఎత్తకండి. బతకాలని లేదన్న మాట వినపడితే ఒంటరిగా పంపొద్దు, ఇంట్లోవాళ్ళకి అప్పగించేదాకా పక్కనే ఉండండి. 14416 టెలీ మానస్ నంబరు ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. దాన్ని బాత్రూములో అద్దం పక్కన పెద్ద అంకెలతో అతికించండి, అక్కడైతే ఎవరూ చూడకుండా రాసుకోవచ్చు.

మూడు నెలలకి మొదటి నోటుపుస్తకం మళ్ళీ తీయండి. అవే మూడు వేళల్లో ఇంకో వారం రాయండి. ఈసారి ఇంకో గడి కలపండి: ఎవరూ పట్టుకోకముందే తన తప్పు తానే వచ్చి చెప్పినవాళ్ళు. ఆ గడి ఖాళీగా ఉంటే భయం ఇంకా పోలేదని అర్థం. ఎవరి దగ్గర ఆగిపోయిందో పక్క గడిలోనే కనపడుతుంది, ఈసారి మాట అక్కణ్నుంచి మొదలుపెట్టండి.